డ్రాఫ్టా, కాలేజీనా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో క్లాసు, స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో షార్ట్‌స్టాప్, అంటే రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేస్తాడు. ప్రొఫెషనల్ జట్లు రౌండ్ల వారీగా వంతులేసుకుని కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరైనా తీసుకుంటే కాలేజీ మానేస్తానంటున్నాడు. మావారు సరే అంటున్నారు, నాకేమో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవాడు ఆడే చోటే ఆడిన డెరెక్ జీటర్ సంగతి చెప్తాను. పుట్టింది మీ న్యూజెర్సీలోనే, పెరిగింది మిషిగన్‌లోని కలమజూలో. 1992లో హైస్కూల్ అవగానే న్యూయార్క్ యాంకీస్ జట్టు డ్రాఫ్ట్ మొత్తంలో ఆరో పిక్‌గా (ఎంపికగా) తీసుకుంది. మిషిగన్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇస్తానన్నా కాదని సంతకం పెట్టాడు. ఈ కథ చెప్పేవాళ్లంతా ఇక్కడి నుంచి 1996లో వచ్చిన రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అవార్డుకి దూకేస్తారు. మీరు చూడాల్సింది ఆ మధ్య కాలం.

మొదటి వేసవి ఫ్లోరిడాలో రూకీ లీగ్, అంటే కొత్తవాళ్లు ఆడే అట్టడుగు మెట్టు. బ్యాటింగ్ సగటు .202, అంటే ఐదుసార్లకి ఒక్క హిట్. రాత్రిళ్లు గదిలో ఏడ్చేవాడు, ఇంటికి చేసిన ఫోన్లకే వందల డాలర్ల బిల్లు. మరుసటి ఏడాది యాంకీస్ కింది స్థాయి టీమ్ ఉన్న గ్రీన్స్‌బరోలో 56 ఎర్రర్లు. అందిన బంతి జారినా, ఫస్ట్ బేస్‌కి విసిరింది పక్కకు పోయినా ఎర్రరే. స్కోర్‌బోర్డులో పరుగులు, హిట్ల పక్కనే అదీ పడుతుంది, స్టేడియం మొత్తానికీ కనిపిస్తుంది. ఆ సీజన్ అయ్యాక చేతి గాయం వల్ల బ్యాట్ పట్టలేకపోతే, టాంపాలో కోచ్ బ్రయన్ బటర్‌ఫీల్డ్ అతనితో ఒట్టి ఫీల్డింగే చేయించాడు. 1994లో ఒక్క ఏడాదిలోనే కింది మెట్టు సింగిల్-ఏ నుంచి, మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఏ దాకా ఎక్కేశాడు.

అన్ని ఎర్రర్లు చేసినవాడిని ఎందుకు భరించారు? మొదటి రౌండ్ కుర్రాడు, సంతకానికిచ్చిన బోనస్ 8 లక్షల డాలర్లు. అంత పెట్టాక ఓపిక పట్టక ఏం చేస్తారు? ఇప్పుడు డ్రాఫ్ట్ 20 రౌండ్లు. చివర్లో తీసుకున్నవాడికి ఆ ఓపిక దొరకదు. అందుకే, మొదటి రెండు మూడు రౌండ్లలో పిలుపొస్తే ఆలోచించండి, లేదంటే కాలేజీకే పంపండి. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మామూలుగా మూడో ఏడాది అయ్యేదాకా, లేదా 21 నిండేదాకా డ్రాఫ్ట్ ఉండదు. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీకి ఆ ఆంక్ష లేదు.

ఒకవేళ సంతకమే పెడితే, కాలేజీ ఫీజు జట్టే కట్టేలా కాంట్రాక్టులో రాయించుకోండి. ఆట మానేశాక రెండేళ్లలోపు చేరకపోతే ఆ డబ్బు పోతుంది, ఈ షరతు మీవారికి కూడా చదివి వినిపించండి.

ఈలోగా కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో అకౌంట్ తెరిచి, కాలేజీలో ఆడాలంటే హైస్కూల్లో చదవాల్సిన 16 కోర్ కోర్సుల్లో మీవాడికి ఎన్ని పూర్తయ్యాయో స్కూల్ కౌన్సిలర్‌తో కూర్చుని లెక్క చూడండి.