"ఒక్కదానివే కదా" అంటూ పండగ సెలవు ఇవ్వడం లేదు, ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో అమెరికా ఆస్పత్రుల బిల్లింగ్ పని చేసే కంపెనీలో ఉన్నాను. వచ్చే ఫిబ్రవరి చివరికి ఐదేళ్లు నిండుతాయి. మా ఊరు అమలాపురం దగ్గర. నాన్న పోయి మూడేళ్లయింది, అమ్మ ఒక్కతే ఉంటుంది. చేరాక నాలుగు సంక్రాంతులు వచ్చాయి. మొదటిదానికి ఇంటికి వెళ్లాను. నాన్న పోయాక వచ్చిన మూడింటికీ నాదే డ్యూటీ. టీమ్‌లో తొమ్మిది మందిమి. పెళ్లయినవాళ్లకి అత్తగారిల్లు, పిల్లల సెలవులు అంటూ ముందే ఇచ్చేస్తారు. "నీకేముందమ్మా, ఒక్కదానివే కదా, సర్దుకో" అంటారు మేనేజర్. ఈ అక్టోబర్లో వేసిన లిస్టులోనూ పండగ మూడు రోజులూ నా పేరే ఉంది. ఒక్కదాన్ని కాబట్టి నాకు ఇల్లే లేదా? రాజీనామా మెయిల్ టైప్ చేసి పెట్టుకున్నాను. నెలకి 14,500 ఈఎంఐ ఉంది. నోటీస్ పీరియడ్ 90 రోజులు. "మూడు రోజుల సెలవు కోసం ఉద్యోగం మానేస్తారా" అని అన్నయ్య కోప్పడుతున్నాడు. అమ్మేమో "నా కోసం మానొద్దు" అంటోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య మూడు రోజుల లెక్క చూస్తున్నారు. మీ బాధ ఆ లెక్కలో లేదు. సంక్రాంతి పెద్దలకు పెట్టుకునే పండగ. నాన్న ఫొటో ముందు కొత్త బట్టలు పెట్టి, వండినవి నివేదించి, దణ్ణం పెట్టుకునే రోజు. మూడేళ్లుగా ఆ పని మీ అమ్మగారు ఒక్కరే చేస్తున్నారు. అదే సమయంలో మీరు ఇక్కడ హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరిదో ఇన్సూరెన్స్ క్లెయిమ్ చూస్తున్నారు. "నీకేముంది" అన్న మాట అందుకే అంత లోతుగా దిగింది. అంత బాధ కలగడంలో తప్పేమీ లేదు, చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నానేమో అని మీరు సందేహపడకండి.

పెళ్లి కాని ఆడపిల్లకి సొంత కుటుంబం ఉన్నట్టు మన ఆఫీసులు లెక్కలోకే తీసుకోవు. పెళ్లయ్యేదాకా ఆమెది ఖాళీ సమయం అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే చాలామంది అమ్మాయిలు ఈ మాటే చెబుతారు, కొందరు చెబుతూ ఏడుస్తారు. ఇది అన్యాయం. ఆ మాటలో సందేహం ఏమీ లేదు.

అయితే ఒకటి అడుగుతాను, నొచ్చుకోకండి. మూడేళ్లూ సంక్రాంతి డ్యూటీ వేసినప్పుడు మీరేమన్నారు? "పర్వాలేదు సార్" అనే ఉంటారని నా ఊహ. నాన్న పోయాక ఆ పండగ మీ ఇంట్లో ఎలా గడుస్తుందో మేనేజర్‌కి ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన ఎక్కడా లేదు. చెప్పనందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. అలాంటివి ఆఫీసులో చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ ఆయన ఇప్పటిదాకా విన్నది మీ "పర్వాలేదు" ఒక్కటే. మీకు అభ్యంతరం ఉందన్న సంగతి ఆయనకి రాజీనామా మెయిల్‌తోనే తెలియడం మీకే నష్టం.

కాబట్టి టైప్ చేసి పెట్టుకున్న ఆ మెయిల్ పక్కన పెట్టి, ఈ వారమే ఇంకొకటి రాయండి. అందులో కోపం వద్దు, బతిమాలడం అంతకన్నా వద్దు. తేదీలు ఉండాలి. ఏ ఏడు ఏ పండగకి మీరు పనిచేశారో, ఆ రోజుల్లో ఎవరెవరు సెలవులో ఉన్నారో కాదు, ఎంతమంది ఉన్నారో రాయండి. పేర్లు రాస్తే అది సహోద్యోగుల మీద ఫిర్యాదు అయిపోతుంది. పిల్లల్ని తీసుకుని అత్తగారింటికి వెళ్లినావిడ మీ సెలవు లాక్కోలేదు. నాన్న పోయిన సంగతి, అమ్మ ఒక్కతే ఉన్న సంగతి రెండు వాక్యాల్లో రాయండి, చాలు. ఆ తర్వాత సూటిగా అడగండి: ఈ సంక్రాంతికి నాకు సెలవు కావాలి, వచ్చే ఏడాది నుంచి పండగ డ్యూటీలు వంతులవారీగా వేయాలి. బదులుగా మీరేం ఇవ్వగలరో కూడా చెప్పండి. మీ క్లయింట్లకి సంక్రాంతి అంటే మామూలు పనిరోజే, అందుకే అప్పుడు మనుషులు కావాలి. మీకు దీపావళి అంత ముఖ్యం కాకపోతే, వచ్చే ఏడాది దీపావళి డ్యూటీ నేను చేస్తానని రాయండి. మేనేజర్‌కి లిస్టు మార్చడానికి ఒక దారి దొరుకుతుంది. నాలుగైదు రోజుల్లో జవాబు రాకపోతే హెచ్ఆర్‌ని కూడా కలపండి.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో తెలుసుకుంటే మంచిది. తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం (1988) ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకి మరుసటి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కుగా వస్తుంది. అది ఎన్ని రోజులో చట్టం చెబుతుంది కానీ ఫలానా రోజే ఇవ్వమని కంపెనీని నిర్బంధించదు. అందుకే సంక్రాంతి సెలవు కోసం లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగితే ఫలితం ఉండకపోవచ్చు. కానీ మీ కంపెనీ ప్రకటించిన పండగ సెలవుల జాబితాలో సంక్రాంతి ఉండి, ఆ రోజు మీతో పని చేయించుకుంటే విషయం వేరు. రెట్టింపు జీతమైనా ఇవ్వాలి, లేదంటే ఆ రోజు జీతంతో పాటు బదులుగా ఇంకో రోజు సెలవైనా ఇవ్వాలి. మూడేళ్ల జీతం స్లిప్పులు తీసి చూసుకోండి. రెండూ రాకపోతే ఆ సంగతి కూడా మెయిల్లో చేర్చండి.

ఇక మానేయడం గురించి. ఈ వారమే రాజీనామా ఇస్తే 90 రోజులు పోయాక జనవరిలో, సరిగ్గా సంక్రాంతి ముందు బయటికి వస్తారు. ఆ ఆలోచన మిమ్మల్ని లాగుతోందని నాకు అనిపిస్తోంది. పండక్కి ఇంటికి వెళ్లొచ్చు, నిజమే. కానీ కనుమ అయ్యాక తిరిగి వచ్చేది ఉద్యోగం లేని ఊరికి, ఐదో తారీఖునో పదో తారీఖునో కట్టాల్సిన ఈఎంఐకి. అమ్మ దగ్గర కూర్చున్న ఆ మూడు రోజులూ ఈ టెన్షన్ మీతోనే ఉంటుంది. పైగా ఐదేళ్లకి ఇంకో నెలన్నర మిగిలి ఉండగా బయటికి వస్తారు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, ఏ పేచీ లేకుండా వస్తుంది. మీ బేసిక్ జీతం 30,000 అనుకుంటే దాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, ఐదేళ్లతో గుణిస్తే సుమారు 86,500 అవుతుంది. దాదాపు ఆరు నెలల ఈఎంఐ అన్నమాట. నోటీసు కాలం కూడా సర్వీసులోకే వస్తుంది కాబట్టి, డిసెంబర్ మొదట్లో రాజీనామా ఇచ్చినా ఐదేళ్లు నిండుతాయి. ఈలోగా నిశ్శబ్దంగా వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి.

మీ మెయిల్‌కి వచ్చే జవాబే మీకు దారి చూపిస్తుంది. ఈసారి కష్టం కానీ వంతుల పద్ధతి పెడతాం అని రాసి ఇస్తే, ఉండి చూడటంలో తప్పులేదు. సెలవు ఇచ్చారనుకోండి, గొడవే లేదు. అలా కాకుండా నాన్న సంగతి చదివాక కూడా "అందరికీ ఏదో ఒకటి ఉంటుంది, నువ్వే సర్దుకో" అన్నారంటే, వాళ్లు తెలియక అన్నారని ఇక అనుకోనవసరం లేదు. అప్పుడు వెళ్లిపోండి. ఆ నిర్ణయాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను, అన్నయ్య ఏమన్నా సరే. కొత్త చోట ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగినట్టే, పండగ డ్యూటీలు ఎలా వేస్తారు, లిస్టు ఎన్నాళ్ల ముందు వస్తుంది అని అడగండి. నీళ్లు నమిలితే అక్కడా ఇదే పరిస్థితి అనుకోండి.

అన్నయ్యకి ఒక్కసారి ఫోన్ చేసి, సెలవు దొరకలేదని కాకుండా, సంక్రాంతి రోజు నాన్నకి బట్టలు అమ్మ ఒక్కతే పెడుతోందని చెప్పండి. ఆయనా కొడుకే కదా. ఈసారి మీకు కుదరకపోతే ఆయన వెళ్లగలరేమో అడగండి. ఆ భారమంతా మీ ఒక్కరి మీదే ఉండాలని ఏమీ లేదు. ఇక అమ్మగారు "నా కోసం మానొద్దు" అంటున్నారు. పిల్ల చేతిలో ఉద్యోగం పోతుందన్న భయం ఆమెది. ఈ నిర్ణయం తన కోసం కాదని, మీ కోసం తీసుకుంటున్నారని ఆమెకి చెప్పండి.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 12 రాత్రి ఎక్కాలంటే నవంబర్ 13న ఉదయం 8 గంటలకి కూర్చోవాలి. సంక్రాంతికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. అప్పటికి మేనేజర్ నుంచి జవాబు వచ్చినా రాకపోయినా రాజమండ్రికి టికెట్ తీసేయండి, అక్కడినుంచి అమలాపురానికి బస్సు ఎలాగూ ఉంటుంది. రద్దు చేయాల్సి వస్తే పోయేది కొద్ది డబ్బే. అమ్మతో మాత్రం సెలవు ఖాయమయ్యాకే చెప్పండి.