పాత ఫోన్లు పారేసే ముందు

ప్రశ్న: ఇంట్లో నాలుగు పాత సెల్‌ఫోన్లు పడున్నాయి. ఒకదాని వెనక మూత పైకి లేచింది. పాత సామాన్ల బండికి వేసేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వద్దమ్మా. మూత లేచిందంటే లోపల లిథియం బ్యాటరీలో గ్యాసు పుట్టి ఉబ్బిందన్నమాట. ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే నిప్పంటుకుంటుంది. పొడి ఇసుక పోసిన మట్టి కుండలో ఉంచి, గడ్డివాముకీ గ్యాస్ బండకీ దూరంగా, వాన పడని చోట పెట్టండి. సర్వీస్ సెంటర్‌కి ముందే ఫోన్ చేసి, ఉబ్బిందని చెప్పి తీసుకెళ్లండి.

మిగతా మూడూ పనిచేస్తుంటే ఫొటోలు దాచుకుని, యూపీఐ యాప్‌ల నుంచి బయటికి వచ్చి, ముందు గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేయడం) చేయండి. వరస తప్పితే ఫోను పాత ఖాతానే అడుగుతూ తాళం పడిపోవచ్చు, అప్పుడు ఎవరికీ ఉపయోగపడదు. సిమ్, మెమరీ కార్డు తీయడం మరవకండి.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీదే. దాని వెబ్‌సైట్‌లో సేకరణ కేంద్రాల వివరాలు చూసి, అక్కడ ఇచ్చేయండి.

ప్రశ్న: రాగి కోసం ఛార్జర్ వైర్లు కాల్చొచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అసలు వద్దు. వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ తొడుగు కాలితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. ఆ బూడిద వానకి కాలవలో కలుస్తుంది. మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపేది ఆ కాలవలతోనే కదా! వైర్లు కూడా ఫోన్లతోపాటే ఇచ్చేయండి.