చిట్టీ, ముందు ఎస్ఎంపీఎస్ కొను

చిట్టీ,

మొదటి బోనస్ డబ్బుతో గేమింగ్ పీసీ కొంటున్నావని, అన్నీ నువ్వే బిగించుకుంటావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఐదో తరగతిలో నా కీబోర్డు మీటలన్నీ పీకి మళ్లీ వరసగా పెట్టిన పిల్లవి నువ్వు. గర్వంగా ఉంది. కానీ ఎస్ఎంపీఎస్, అదే పీసీకి కరెంటు అందించే డబ్బా, దాన్ని తలచుకుని రాత్రి పన్నెండైనా నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో నాలుగు కంప్యూటర్ షాపులు తిరిగి రేటు అడుగు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో.

గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మ గీసేది, పేరొక్కటే చూసి తెచ్చుకోకు. ఎన్విడియా 5060 టీఐ అయినా, ఏఎండీ 9060 ఎక్స్‌టీ అయినా 8 జీబీ మెమరీతోనూ 16 జీబీతోనూ వస్తాయి. వెలుగునీడలు, ప్రతిబింబాలు నిజంలా గీసే రే ట్రేసింగ్‌కీ, మధ్యలో ఫ్రేములు కల్పించే ఫ్రేమ్ జనరేషన్‌కీ మెమరీ ఎక్కువ కావాలి. నీది 1440పీ మానిటర్, అంటే తెర మీద 1440 వరసల చుక్కలు, కాబట్టి 16 తీసుకో.

"డీఎల్ఎస్ఎస్ పెడితే చిన్న కార్డుకైనా 200 ఎఫ్‌పీఎస్ వస్తాయి" అన్నావట, అంటే సెకనుకు 200 ఫ్రేములు. ఎన్విడియా కార్డుల్లో ఉండే ఈ డీఎల్ఎస్ఎస్ చేసే అప్‌స్కేలింగ్, అంటే చిన్న బొమ్మను పెద్దది చేయడం, మంచిదే. 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే కార్డు నిజంగా గీసేది 960 వరసలే, మిగతాది వెనకటి ఫ్రేములు చూసి ఏఐ పూరిస్తుంది. వచ్చిన కొత్తలో బొమ్మ మసగ్గా ఉండేది, 2020లో 2.0 వచ్చాక బాగుపడింది. ధైర్యంగా వాడుకో. ఫ్రేమ్ జనరేషన్ సంగతి వేరు. ఎన్విడియా 50 సిరీస్‌లో కార్డు గీసిన ఒక్కో ఫ్రేముకి మూడేసి కూడా కల్పించి మధ్యలో పెడుతుంది. 30 కాస్తా 120 అవుతుంది, కంటికి నున్నగానే ఉంటుంది, కానీ నీ మౌసుకు బదులు పలికేది ఆ 30 మాత్రమే. ముందు 60 అయినా నిజంగా వస్తున్నాయో లేదో చూసుకుని, అప్పుడు ఆన్ చెయ్యి.

ఇక నా అసలు భయం. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు. 2019లో మేం మారతహళ్లిలో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. రే ట్రేసింగ్ పిచ్చిలో ఉన్న డబ్బంతా కార్డు మీదే పెట్టేశాను. ఎస్ఎంపీఎస్ మాత్రం పాతదే. ఎప్పుడో రూ.1,500కు కొన్నది, పైన 500 వాట్లని స్టిక్కరు. "ఆ డబ్బా కూడా మార్చరాదూ" అంది మీ అత్తయ్య. నాకు తెలుసులే అన్నాను.

ఆ రాత్రి గేములో వాన వెలిసిన వీధి. రే ట్రేసింగ్ ఆన్ చేశాను. నీటిగుంటలో ఒక దుకాణం ఎర్ర బోర్డు తలకిందులుగా పడి, నేను కదిలితే తనూ సాగుతోంది. అలా చూస్తూ ఉండిపోయాను. పది నిమిషాలకు టప్పుమని చప్పుడు, చీకటి, కాలిన వాసన. కేబినెట్ వెనక సన్నగా పొగ. దానికి మూడడుగుల దూరంలో మూడేళ్ల మన పాప నిద్రపోతోంది. స్విచ్ ఎలా కట్టానో, పిల్లనెత్తుకుని మెట్లు ఎలా దిగానో ఇప్పటికీ గుర్తులేదు. మదర్‌బోర్డు పోయింది, హార్డ్ డిస్కు పోయింది. మీ తాతయ్య పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్న మొదటి పుట్టినరోజు ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచలేదు. తాతయ్య అప్పటికే లేరు.

లోడు ఎక్కువైనప్పుడు కార్డు కొన్ని మిల్లీసెకన్లపాటు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. మంచి ఎస్ఎంపీఎస్ తట్టుకుంటుంది, లేదా తనంతట తానే ఆగిపోతుంది. నాదానికి ఆ రక్షణ లేదు. అందుకే కార్డు ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదు, మంచి కంపెనీది 650 వాట్లది కొను. ఆ రక్షణ పేరు ఓవర్‌కరెంట్ ప్రొటెక్షన్, అది ఉందా, వారంటీ ఎన్నేళ్లు, రెండూ అడుగు. పీజీలో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు, ఓనర్ మాట నమ్మకు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇస్త్రీపెట్టె తగిలించావో, నేనొచ్చి పీకేస్తాను.

కోప్పడ్డానని అనుకోకు తల్లీ. శనివారం పదకొండింటికి చిక్‌పేట మెట్రో దగ్గర ఉంటాను. బేరం నువ్వే ఆడు, నేను పక్కన నిలబడతాను. బిగించడం అయ్యాక కేబుళ్లన్నీ లోపలికంటా దిగాయో లేదో దగ్గరగా ఫొటో తీసి పంపు. ఎంత రాత్రైనా సరే, నేను చూశాకే ఆన్ చెయ్యి.

మామయ్య