బేస్ గిటారుకి ఏ ఆంప్?

ప్రశ్న: అమలాపురం చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, తీర్థాలకీ ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. 40 వాట్ల లీడ్ గిటారు ఆంప్‌కే తగిలిస్తున్నాను. సౌండు పెంచితే స్పీకరు బరబరమంటోంది. జనరేటరు మీదకి మారితే గుయ్యిమని మోత. ఏం కొనమంటారు?

జవాబు: ముందు ఆ ఆంప్‌కి బేస్ తగిలించడం మానండి. లావు తీగ ‘ఇ’ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్ర స్వరానికి స్పీకరు కోను బాగా ముందుకీ వెనక్కీ ఊగాలి. లీడ్ గిటారు స్పీకరు అందుకు చేసింది కాదు. కోను గానీ, దాన్ని ఊపే తీగచుట్ట (కాయిల్) గానీ పోతుంది.

ఆరుబయట డ్రమ్స్ పక్కన నిలవాలంటే 300 వాట్ల క్లాస్-డి (తేలికపాటి రకం) బేస్ హెడ్డు, అంటే స్పీకరు లేని ఆంప్, 8 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకి అడ్డు కొలత) క్యాబినెట్, అంటే స్పీకరు పెట్టె, ఒకటి తీసుకోండి. హెడ్డు భుజాన సంచిలో పట్టేస్తుంది. దాని మీద రాసిన వాట్లు సాధారణంగా 4 ఓమ్‌లకి. ఒక్క క్యాబినెట్‌తో సగం పైచిలుకే వస్తాయి. తర్వాత అలాంటిదే రెండోది కలిపితే 4 ఓమ్‌లవుతుంది. మూడోది మాత్రం వద్దు, ఓమ్‌లు ఇంకా తగ్గి హెడ్డు వేడెక్కి కట్ అయిపోతుంది. హెడ్డుకీ క్యాబినెట్‌కీ మధ్య గిటారు కేబులు వాడకండి, స్పీకరు కేబులే వెయ్యాలి.

ఇక మోత. తీగల మీద చెయ్యి పెడితే తగ్గిందా, గిటారు లోపల షీల్డింగ్ (బయటి మోత చొరబడకుండా వేసే లోహపు పొర) చాలలేదన్నమాట. తగ్గకపోతే మిక్సర్‌కి డీఐ బాక్సు (గిటారు సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ద్వారా ఇచ్చి, దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబులు గ్రౌండును విడదీసేది) నొక్కి చూడండి. అంతేగానీ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను ఎన్నడూ తీసేయకండి. ఓ చెయ్యి తీగల మీద ఉండగా పెదవులు మైకుకి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

గిటారు 34 అంగుళాల స్కేలుది (స్కేలంటే తీగ మోగే పొడవు), ప్యాసివ్ (బ్యాటరీ అక్కర్లేనిది) చాలు. కోనసీమ ఉప్పుగాలికి తీగలు తుప్పెక్కుతాయి. వాయించగానే పొడిగుడ్డతో అడుగువైపు కూడా తుడవండి.