రాత్రి కయోటీ వేటకు పిలిచారా? తుపాకి కంటే ముందు చూసుకోవాల్సినవి

"అన్నా, హెచ్-1బి మీద వచ్చి ఏడాది కాలేదు. మా టీంలో ఒకాయన టెక్సస్‌లో శాన్ ఏంజెలో దగ్గర వాళ్ల రాంచ్‌కి (పశువుల పొలానికి) రమ్మంటున్నాడు, రాత్రిపూట కయోటీ (నక్కలాంటి అడవి జంతువు) వేటకి. ఏ తుపాకి కొనమంటావు?"

తుపాకి సంగతి చివర్లో చెప్తాను తమ్ముడూ. ముందు నీ వీసా సంగతి చూద్దాం. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనకపోయినా సరే, స్నేహితుడి తుపాకి కాసేపు చేతిలోకి తీసుకున్నా చిక్కే. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఇక గ్రీన్ కార్డు ఆశ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనలాంటివాళ్లకు అందేది ఒకటుంది: ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు.

టెక్సస్‌లో దాన్ని పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. లైసెన్సు గడువు మామూలుగా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఇంట్లో తుపాకి పెట్టుకుని రెన్యువల్ మర్చిపోతే నీ మినహాయింపు కూడా ఆ రోజుతోనే పోతుంది. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. తుపాకి ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ వీసా నిషేధం లేదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట తెలియకుండా పెరిగిన తరం మనది. ఇక్కడ మేకలు, గొర్రెలు పెంచేవాళ్లకు కయోటీ అంటే ఏటా వచ్చిపడే నష్టం. టెక్సస్‌లో దానికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో రాత్రి కూడా వేటాడొచ్చు. రోడ్డు మీద నుంచి మాత్రం కాల్చకూడదు. వెళ్లేముందు ఆ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకో గేమ్ వార్డెన్‌కో (వేట నిబంధనలు చూసే అధికారి) ఒక మాట చెప్పడం మంచిది. చీకట్లో లైట్లు, కాల్పుల చప్పుడు చూసి ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. రాష్ట్రం మారితే రూలు మారుతుంది. నార్త్ కరొలినాలో అంతరించిపోతున్న ఎర్ర తోడేళ్లు తిరిగే అయిదు తూర్పు కౌంటీల్లో రాత్రి కయోటీ వేటే నిషేధం. చీకట్లో ఆ రెంటినీ విడదీసి గుర్తుపట్టడం కష్టం కాబట్టే ఆ జాగ్రత్త.

ఇక సామాను. నా సలహా అయితే డబ్బు ముందు చేత్తో పట్టుకుని చూసే థర్మల్ మోనాక్యులర్ (చీకట్లో ఒంటి వేడిని చూపించే, ఒక కంటితో చూసే దుర్భిణి) మీద పెట్టు. రైఫిల్ మీది స్కోపుతో పొలమంతా వెతుకుతూ తిరిగితే, నువ్వు చూసే ప్రతిదాని మీదికీ తుపాకి గురిపెట్టినట్టే. అవతల ఉన్నది మనిషి కావచ్చు, రాంచ్ కుక్క కావచ్చు, దూడ కావచ్చు. థర్మల్ వేడిని చూపిస్తుంది గానీ ముఖం చూపించదు. అమ్మేవాళ్లు చెప్పే దూరం ఏదో ఒక మచ్చ కనిపించే దూరం, అది ఏ జంతువో తేల్చుకునే దూరం అందులో చిన్న వంతే. 384 పిక్సెళ్ల వెడల్పున్న సెన్సరు కంటే 640 పిక్సెళ్ల సెన్సరులో రూపం తేటగా తెలుస్తుంది, ధర కూడా అలాగే పెరుగుతుంది. అంత పెట్టలేకపోతే ఎర్ర లైటు ఉంది. కళ్లు మెరుస్తాయి, కానీ మెరిసే కళ్లు లేడికీ ఉంటాయి, కుక్కకూ ఉంటాయి. ఒళ్లంతా కనిపించేదాకా ఆగాల్సిందే.

పగలే వెళ్లి పొలం నడిచి చూడు. ఇల్లు ఎటుంది, షెడ్డు ఎటుంది, తూటా తప్పినా పోయి ఆగే మట్టిగట్టు ఎక్కడుంది అన్నది రాత్రి థర్మల్‌లో తెలియదు.

కయోటీ ముక్కును మోసం చేయలేం. దాన్ని రప్పించడానికి మనం పెట్టే కుందేలు అరుపు వినిపిస్తే నేరుగా రాదు, చుట్టూ తిరిగి గాలి వాలుకు చేరి వాసన పట్టాలని చూస్తుంది. అందుకే గాలి అడ్డంగా వీచేలా కూర్చోవాలి. ఆ అరుపులు వినిపించే స్పీకరు పెట్టెను (ఎలక్ట్రానిక్ కాలర్) మీకు నలభై యాభై గజాల దూరంలో పెట్టి, గాలి వాలు వైపు ఒకరు కన్నేసి ఉంచాలి. శబ్దం చిన్నగా మొదలుపెట్టండి. జనవరి, ఫిబ్రవరి జత కట్టే కాలం, అప్పుడు కుందేలు అరుపుకంటే కయోటీ ఊళే బాగా పనిచేయొచ్చు. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఏదీ రాకపోతే చోటు మార్చడమే. గురి కోసం ట్రైపాడ్ తప్పనిసరి అనుకో.

తుపాకి విషయానికొస్తే .223 రెమింగ్టన్ తూటా కాల్చే రైఫిల్ చాలు. దూరాలు ఎక్కువైతే .22-250 బాగుంటుంది. మొదటిసారి రాంచ్ ఆయన కాలుస్తుంటే నువ్వు థర్మల్‌తో చూసిపెట్టు, తుపాకి ముట్టుకోకు. అది కూడా వేటలో సాయమే కాబట్టి లైసెన్సు అవసరమా అని గేమ్ వార్డెన్‌ను అడుగు. చచ్చిన జంతువును వట్టి చేతులతో తాకొద్దు, గ్లవ్స్ వేసుకో. సౌత్ టెక్సస్‌లో కయోటీల్లో రేబిస్ పాకితే, 1995 నుంచి విమానాల్లోంచి టీకా ఎరలు జల్లి అదుపు చేశారు.

ఇంకొకటి. సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు ఆ థర్మల్ స్కోపును బావమరిదికి చూపిద్దామని సూట్‌కేసులో పెట్టుకోవద్దు. వాటి మీద ఎగుమతి ఆంక్షలున్నాయి. అవసరమైన అనుమతి లేకుండా దేశం దాటిస్తే అది వేరే ఫెడరల్ నేరం. ఇక్కడి స్నేహితుడి ఇంట్లో పెట్టి వెళ్లు.