బద్ద అతికించేముందు చెయ్యి పెట్టి చూడు

విశాఖపట్నం

అమ్మడూ,

నీ మెసేజీ, ఫోటోలు అందాయి. నమూనా ఓడ కట్టే కిట్ పెట్టె విప్పి, చెక్కముక్కలన్నీ బల్ల మీద పరిచి, ప్లాను కాగితాల పక్కనే కాఫీ కప్పు పెట్టావు. ముందు ఆ కప్పు అక్కణ్ణించి తియ్యి. ఆ కాగితాల్లో కొలతలు సరిగ్గా నీ ఓడ సైజులోనే గీసి ఉంటాయి. తడిస్తే కాగితం సాగుతుంది, కొలత తప్పుతుంది. రేపే వాటికి జెరాక్స్ తీయించి, అసలువి గొట్టంలో చుట్టి పెట్టెయ్యి. కత్తిరించడానికీ గీతలు పెట్టడానికీ జెరాక్సులు వాడుకో.

"సంక్రాంతికల్లా అయిపోతుందా పెదనాన్నా?" అని అడిగావు. అవదు తల్లీ. రోజూ సాయంత్రం రెండేసి గంటలు కూర్చున్నా నా మొదటి ఓడకి పద్నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు మాత్రమే కూర్చునేదానివి, నీకు ఇంకా ఎక్కువే పడుతుంది. పండగ గడువులు పెట్టుకోకు. ఈ పనిలో చెడిపోయినవన్నీ గడువు తరిమినప్పుడు చెడిపోయినవే.

బ్లూనోజ్‌ని ఎంచుకోవడం మాత్రం నాకు చాలా నచ్చింది. మొదటిసారే వంద ఫిరంగుల యుద్ధనౌక కొని, సగంలో అటక మీద పెట్టేసినవాళ్ళని చాలామందిని చూశాను. దీనికి తెరచాపలు కట్టే కొయ్యలు రెండే, ఫిరంగులు లేవు, తాళ్ళు తక్కువ. పైగా అది కెనడాలో నువ్వుండే చోటి ఓడ. 1921 మార్చి 26న లూనెన్‌బర్గ్‌లో నీళ్ళలోకి దింపారు. చేపలవేటకీ పడవ పందేలకీ రెండిటికీ పనికొచ్చేలా విలియం రూయే దాన్ని గీశాడు. మీ పది సెంట్ల నాణెం మీద 1937 నుంచీ ఉన్న తెరచాపల ఓడ దాని రూపే. చివరికి సరుకులు మోసే ఓడగా మారి, 1946లో హైతీ దగ్గర రాతిదిబ్బకి తగిలి మునిగిపోయింది. అదే యార్డులో 1963లో కట్టిన బ్లూనోజ్ టూ ఇప్పటికీ నడుస్తోంది. వేసవిలో ఒక ఆదివారం లూనెన్‌బర్గ్ వెళ్ళు, హాలిఫాక్స్ నుంచి గంటా గంటన్నర ప్రయాణమే కదా. ఓడని పక్కనుంచి ఫోటో తీసుకుని వచ్చెయ్యకు. ముక్కుకి ఎదురుగా నిలబడి, ఓడ ఒంటికి వరసగా తొడిగిన ఆ చెక్కబద్దలు ముందుకి వస్తూ వస్తూ ఎలా సన్నబడుతున్నాయో చూడు. ముక్కు దగ్గర డెక్కు వంపు కొంచెం ఎక్కువగా పైకి లేచి ఉంటుంది. లోపల నావికులు పడుకునే గదిలో తల తగలకుండా కట్టేటప్పుడు ఎత్తు పెంచారని చెబుతారు. నీ ప్లానులోనూ ఆ లేపు కనిపిస్తుంది. తప్పు గీశారేమో అనుకుని అరగదియ్యకు, బ్లూనోజ్ ముఖం అదే.

ఇక పని. లేజరుతో కోసిన ముక్కల్ని పలక నుంచి విడదీసేముందే ప్రతిదాని మీదా పెన్సిలుతో నంబరు రాయి. విడదీశాక తొమ్మిదికీ పదికీ తేడా తెలియదు. తర్వాత నడుమ వెన్నెముకలా ఉండే కీల్ పలకని అద్దం మీద పడుకోబెట్టి చూడు. ఎక్కడైనా లేచి ఊగుతుంటే వంకర ఉన్నట్టే. కొంచెం తడి చేసి, బరువైన పుస్తకాలు పెట్టి, రెండు రోజులు వదిలెయ్యి. వెన్నెముక వంకరుంటే పైన ఎంత పనితనం చూపించినా ఓడ ఒక పక్కకి తిరిగిపోయే ఉంటుంది. బద్ద అంచు కూర్చునే గాడి కూడా ఇప్పుడే చెక్కుకో. అడ్డపలకలు నిలబెట్టాక ఉలి తిప్పడానికి చోటుండదు.

అడ్డపలకలంటే కీల్‌కి అడ్డంగా పక్కటెముకల్లా నిలబడేవి, నీ పుస్తకంలో బల్క్‌హెడ్లు. ముందు జిగురు లేకుండా అన్నీ దూర్చి చూడు. బిగుతుగా ఉంటే ఆకురాయితో ఒక్కో రవ్వ తియ్యి, సుత్తితో కొట్టకు. అతికించేటప్పుడు ప్రతిదానికీ మూలమట్టం పెట్టి చూసుకో.

ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. దీని తర్వాతి మెట్టు కోసమే ఈ ఉత్తరం.

నేను షిప్‌యార్డులో చేరిన కొత్తలో మౌల్డ్ లాఫ్ట్‌లో వేశారు. మైదానమంత చెక్క నేల. దాని మీద ఓడ గీతల్ని ఓడంత సైజులోనే గీసేవాళ్ళం. ఒక్కో చోటి కొలతకి ఒక్కో చుక్క పెట్టి, చుక్కల మీదుగా పొడవాటి సన్నబద్ద వంచి, అటూ ఇటూ మేకులతో ఆపేవాళ్ళం. అప్పుడు మా ఫోర్‌మన్ గారు నేల మీద పడుకుని, చెంప నేలకి ఆనించి, ఆ బద్ద వెంబడి చూసేవారు. లెక్క ప్రకారం చుక్క సరిగ్గానే ఉన్నా, బద్ద అక్కడ ఇష్టం లేనట్టు వంగితే "చుక్క తప్పు, బద్ద రైటు" అని చుక్కని జరిపించేవారు. నాలుగేళ్ళు ఆ నేల మీద పాకాను. చెక్క తనంతట తాను తీసుకునే వంపుని నమ్మాలని నాకు అక్కడే తెలిసింది. నీ చేతిలో ఉన్న రెండడుగుల పైచిలుకు ఓడకీ అదే లెక్క.

కిట్‌లో అడ్డపలకల అంచులు నిటారుగా కోసి ఉంటాయి. ఓడ ఒళ్ళు మాత్రం ముందుకీ వెనక్కీ సన్నబడుతూ పోతుంది. కాబట్టి ముక్కు వైపు పలకలకి ముందు అంచు, వెనక వైపు పలకలకి వెనక అంచు ఏటవాలుగా అరగదియ్యాలి. దీన్నే ఫెయిరింగ్ అంటారు. నువ్వు చెయ్యాల్సింది ఇది: అడ్డపలకల అంచులన్నిటికీ పెన్సిలుతో నల్లగా రుద్దు. చదునైన పొడవాటి కర్రకి ఎనభై నంబరు గరుకు కాగితం అతికించి, ఎప్పుడూ కనీసం మూడు పలకల మీద ఆనేలా పట్టుకుని అరగదియ్యి. చిన్నముక్క కాగితం వేలికి చుట్టి రుద్దితే ఒక్క పలకే గుంట పడుతుంది. కాసేపటికి ఒకసారి సన్నబద్దని ముక్కు నుంచి వెనకదాకా వంచి ఆనించు. ప్రతి పలకనీ అంచు వెడల్పంతా తాకుతూ పోవాలి. ఎక్కడైనా బద్ద కింద వెలుతురు కనిపిస్తే అది పల్లం. పెన్సిలు నలుపు చెరగకుండా మిగిలిపోయిన చోటూ పల్లమే. పల్లం కోసం చుట్టూ ఉన్నవన్నీ అరగదియ్యకు. ఆ ఒక్కదానికీ పల్చటి చెక్క పట్టీ అతికించి ఎత్తు పెంచి, మళ్ళీ అరగదియ్యి. ముక్కు దగ్గర మొదటి రెండు పలకల మధ్య ఖాళీలో మెత్తటి చెక్కదిమ్మలు నింపి చెక్కుకుంటే, వంపు ఎక్కువున్న చోట బద్దకి ఆనుకోవడానికి దన్ను దొరుకుతుంది.

ఆఖరుకి లైటు ఆర్పేసి, కళ్ళు మూసుకుని, నాలుగు వేళ్ళతో ముక్కు నుంచి వెనకదాకా మెల్లగా నడిపించు. కన్ను వెలుతురుని బట్టి మోసపోతుంది, వేలు మోసపోదు. రెండు పక్కలా అలాగే చూడు. ఈ పనికి నెల పట్టినా సరే.

ఇంత పట్టుపట్టి చెప్పడానికి కారణం ఉంది. మన హాల్లో బీరువా మీద ఉన్న ఒంటికొయ్య ఓడని చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదా. దాని ఎడమ పక్కన, ముక్కు నుంచి జానెడు వెనక చెయ్యి పెట్టి చూస్తే ఒక బుడిపె తగులుతుంది. మూడో అడ్డపలక అది. లాఫ్ట్‌లో అన్నేళ్ళు పనిచేసినవాణ్ణి, బద్దలు ఎప్పుడు అతికిస్తానా అన్న ఆత్రంలో ఒక సాయంత్రంతో ఫెయిరింగ్ ముగించేశాను. తర్వాత లప్పం పెట్టాను, రంగు మీద రంగు వేశాను. పక్కనుంచి దీపం వెలుగు పడితే ఇప్పటికీ అక్కడ నీడ కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధే.

బద్దలు వేసేటప్పుడు, ఒకటి వేశాక దాని పక్కన ఇంకోటి అనుకుంటూ పోకు. ముందు లెక్క వేసుకో. కాగితం పట్టీ తీసుకుని ఒక్కో అడ్డపలక మీద డెక్కు నుంచి కీల్ దాకా చుట్టుకొలత తియ్యి. నడిమధ్య 96 మిల్లీమీటర్లు వచ్చింది, బద్ద వెడల్పు 4 మిల్లీమీటర్లు అనుకో, 24 బద్దలు పడతాయి. ముక్కు దగ్గర 60 మిల్లీమీటర్లే వస్తే, ఆ 24 బద్దలూ అక్కడ రెండున్నర మిల్లీమీటర్లకి సన్నబడాలి. ప్రతి పలక మీదా ఆ గుర్తులు పెట్టుకుని, బద్దని గుర్తు ప్రకారం చిత్రిక పట్టు. సగం వెడల్పు కన్నా సన్నబడనివ్వకు. అంతకన్నా సన్నబడాల్సి వస్తే రెండు బద్దలు కలిసేచోట ఒకటి ఆపెయ్యి. వెనక చుట్టుకొలత పెరిగిన చోట ఖాళీ వస్తే కోసుగా ఉన్న చిన్నముక్క దూర్చు. అసలు ఓడల్లోనూ అలాగే చేస్తారు.

బద్ద వెడల్పు వైపుకి బలవంతంగా వంగదు. వంచితే ఒక అంచు పైకి లేచి, పెంకుల మీద పెంకు పేర్చినట్టు అవుతుంది. అలా లేస్తోందంటే నువ్వు సరిపడా సన్నం చెయ్యలేదని చెక్క చెబుతోంది. ముక్కు దగ్గర వంపుకి పావుగంట నీళ్ళలో నానబెట్టి, ఓడ మీదే క్లిప్పులతో బిగించి, జిగురు లేకుండా రాత్రంతా ఆరనివ్వు. తెల్లారాక జిగురు రాసి అతికించు. తడి మీద అతికిస్తే ఆరాక కుంచించుకుపోయి సందులు పడతాయి. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, ఇలా జతగా వెయ్యి. ఒకే పక్క పది వేశావంటే కీల్ అటు లాగేస్తుంది. రెండు ముక్కలు కలిసే అతుకులు పక్కపక్క వరసల్లో ఒకే అడ్డపలక మీద రానివ్వకు, నడుమ కనీసం మూడు వరసలు వదిలెయ్యి. జిగురు విషయంలో పసుపురంగు చెక్క జిగురే నా మాట. వెంటనే పట్టేసే సూపర్ గ్లూ సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వదు, దాని ఆవిరి కళ్ళకీ గొంతుకీ మంచిది కాదు. తలుపులు మూసి ఉండే మీ చలికాలం ఇళ్ళలో అసలు వద్దు. చెక్క అరగదీసేటప్పుడు మాస్కు పెట్టుకో.

బద్దలన్నీ పడ్డాక, డెక్కు వెయ్యకముందే లోపలి వైపు నీళ్ళు కలిపిన తెల్లజిగురు ఒక పూత పుయ్యి. నీకది తప్పనిసరి. హీటరు వేసిన గదిలో చలికాలమంతా గాలి ఎండిపోయి ఉంటుంది, చెక్క కుంచించుకుపోయి అతుకులు విచ్చుకుంటాయి. ఇక్కడ సముద్రపు తేమతో నాకు దానికి ఎదురు బాధ.

తర్వాత నూట ఇరవై నంబరుతో మొదలుపెట్టి మూడొందల ఇరవై దాకా వెళ్ళు. నునుపైందనుకున్నాక పాత కాటన్ రుమాలు అరచేతి కింద పెట్టుకుని నిమిరి చూడు. ఉత్త చేతికి తెలియని ఎత్తుపల్లాలు గుడ్డ కింద తెలుస్తాయి. బ్లూనోజ్‌కి రంగు పైన నలుపు, కింద ఎరుపు, మధ్యలో సన్నటి తెల్లగీత. గీత కోసం ఓడని సమంగా నిలబెట్టి, పెన్సిలుని ఒక దిమ్మ మీద అడ్డంగా కట్టి, ఆ దిమ్మని బల్ల మీద ఓడ చుట్టూ జరుపు. టేపు వేశాక అంచు వెంబడి ముందు అడుగున ఉన్న రంగునే ఒకసారి పుయ్యి. సందుల్లోకి పాకేదేదో ఆ రంగే పాకుతుంది, పైరంగు గీత శుభ్రంగా వస్తుంది.

డెక్కు మీద సామాన్ల గురించి పుస్తకం చెప్పింది చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. తాళ్ళు కట్టే ప్రతి కొక్కేనికీ రంధ్రం కొయ్యలు నిలబెట్టకముందే వేసెయ్యి. ప్లానులో ఒక్కో తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రంగు పెన్సిళ్ళతో గీసుకుని లెక్క సరిచూసుకో.

కొయ్యల్ని నిలబెట్టే తాళ్ళు నల్లవి, తెరచాపల్ని ఆడించే తాళ్ళు లేతగోధుమరంగువి. దారానికి తేనెమైనం పట్టిస్తే నూగు అణుగుతుంది. కొయ్యకి అటూ ఇటూ తాళ్ళు జతగా కట్టు. మరీ బిగిస్తే కొయ్య వంగుతుంది, ఆ వంపు తర్వాత పోదు. ఆ పక్కతాళ్ళ మీద నిచ్చెనమెట్లలా అడ్డంగా కట్టే దారాలకి సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల ఎడం చాలు. గళ్ళకాగితం వెనక పెట్టుకుని కడితే వరస తప్పదు. మధ్యలో ముడి బిగిస్తే పక్కతాళ్ళు లోపలికి లాగుకుపోయి నడుము సన్నబడినట్టు అవుతాయి, అది కనిపిస్తే అక్కడికక్కడే విప్పి మళ్ళీ కట్టు. ముడికి నీళ్ళు కలిపిన తెల్లజిగురు ఒక చుక్క చాలు, తప్పయితే తడిపి విప్పుకోవచ్చు. లోపలి తాళ్ళు ముందు, బయటివి తర్వాత. లేకపోతే చెయ్యి దూరదు.

తెరచాపలు వద్దని నా అభిప్రాయం. ఎంత సన్నటి గుడ్డ తెచ్చినా ఆ సైజు ఓడ మీద గోనెపట్టాలా కనిపిస్తుంది, నువ్వు నెలల తరబడి కట్టిన తాళ్ళన్నిటినీ కప్పేస్తుంది. గాజుపెట్టె మాత్రం చేయించు. తాళ్ళ మధ్య చేరిన దుమ్ము ఏ బ్రష్షుకీ రాదు. హీటరుకీ కిటికీ ఎండకీ దూరంగా పెట్టు.

ఇప్పటికి నీకు అక్కరకొచ్చేది అడ్డపలకల దాకానే. మిగతాది ఆ మెట్టు వచ్చినప్పుడు మళ్ళీ చదువుకో. ఫెయిరింగ్ అయిందనిపించిన రోజు జిగురు సీసా మూత తియ్యకుండా నాకు వీడియో కాల్ చెయ్యి. మీకు రాత్రి తొమ్మిదిన్నరకి ఇక్కడ తెల్లారి ఏడు, కాఫీ తాగి కూర్చుని ఉంటాను. ఫోను పక్కనుంచి పట్టుకుని, దీపం ఒక వైపు నుంచే పడేలా పెట్టి, సన్నబద్దని మెల్లగా వంచి చూపించు. ముక్కు నుంచి మూడో పలక దగ్గర కాసేపు ఆపు.

మీ పెద్దమ్మ నువ్వు అడిగిన గోంగూర పచ్చడి పార్సిల్ చేసింది. అందులోనే నా చిన్న చిత్రిక కూడా పెట్టాను, పదును పట్టించే ఉంది.

ఆశీస్సులతో,
పెదనాన్న