మొదటి ఫోను చేసే ముందు

అమ్ములూ,

సేల్స్ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ వచ్చిందని రాశావు, చాలా సంతోషం. సగం మాటలు అర్థం కాలేదన్నావు కదా, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. ఓటీఈ (ఆన్ టార్గెట్ ఎర్నింగ్స్) అని పెద్ద అంకె వేశారే, అది ఒట్టి జీతం కాదు. టార్గెట్ మొత్తం అందుకుంటే జీతం, ఇన్సెంటివ్ కలిపి ఏడాదికి వచ్చే డబ్బు. అందులో నెలనెలా తప్పకుండా వచ్చేదెంత, టార్గెట్ కొడితేనే వచ్చేదెంత అని విడివిడిగా రాయించుకో. ఇంటి ఖర్చుల లెక్క మొదటిదాని మీదే వేసుకో. నువ్వు చేరే టీములో కిందటేడు ఎందరు టార్గెట్ అందుకున్నారో అడుగు. కస్టమర్ మధ్యలో మానేస్తే ఇచ్చిన ఇన్సెంటివ్ వెనక్కి తీసుకుంటారా అనీ అడుగు. ఏమనుకుంటారోనని జంకకు. డబ్బు గురించి సూటిగా మాట్లాడటం రేపట్నుంచి నీ పనే.

నిన్ను ఎస్‌డీఆర్‌గా తీసుకున్నారు, సేల్స్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్ అన్నమాట. అంటే కొనే అవకాశం ఉన్నవాళ్లను వెతికి, మాట్లాడి, నిజంగా అవసరం ఉందని తేలితే అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌తో మీటింగ్ కుదర్చాలి. బేరం కుదిర్చి సంతకం పెట్టించేది ఆయన. చాలామంది ఫోన్ ఎత్తరు, ఎత్తినవాళ్లలోనూ ఎక్కువమంది వద్దంటారు. ఆ వద్దనడం నీ మీద కోపం కాదమ్మా. తొందరగా వద్దన్నవాళ్లు నీకు టైము మిగిల్చినవాళ్లు. నెలల తరబడి 'చూద్దాం' అనేవాళ్ల దగ్గరే మనం నలిగిపోయేది.

ట్రైనింగులో బాంట్ అని ఐబీఎం వాళ్ల పాత పద్ధతి చెబుతారు: బడ్జెట్ ఉందా, నిర్ణయం ఎవరిది, అవసరం ఏమిటి, ఎప్పటికి కావాలి. 1990లలో పీటీసీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పుట్టిన మెడిక్ అనే ఇలాంటి పద్ధతి కూడా చెప్పొచ్చు. రెండూ నేర్చుకో. కానీ ఫోనులో ఒకదాని వెంట ఒకటి అడిగావంటే అవతలి మనిషికి పోలీసు విచారణలా ఉంటుంది. అవసరం ఒక్కటి సరిగ్గా పట్టుకుంటే మిగతావి మాటల్లో అవే బయటికొస్తాయి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగంలో రెండో ఏడు, గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లం. ఒక స్టోర్స్ మేనేజరు "నెలాఖరున కొంచెం ఇబ్బందే..." అని ఆగాడు. రెండు క్షణాలు ఎవరం మాట్లాడలేదు. నేను ఉండబట్టలేక మా రిపోర్టులు ఎంత బాగుంటాయో చెప్పడం మొదలుపెట్టాను. అంతా విని, "మెయిల్ పెట్టండి" అన్నాడు. అంతటితో అయిపోయింది. మూడు నెలల తర్వాత మళ్లీ చేసి, "ఆ రోజు నెలాఖరు అంటూ ఆగారు, అప్పుడేం జరుగుతుందండీ?" అని అడిగాను. ఇరవై నిమిషాలు చెప్పాడు. పుస్తకంలో లెక్కకీ ర్యాకుల్లో సరుకుకీ పొంతన కుదరక, ఇద్దరు మనుషులు మూడు రాత్రులు కూర్చుని చేత్తో లెక్కపెట్టేవారట. అప్పటికే వాళ్లు వేరే కంపెనీతో సంతకం చేసేశారు.

అందుకని అడిగాక ఆగు. ఆ నిశ్శబ్దం ఎంత ఇబ్బందిగా ఉన్నా నువ్వు పూరించకు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఆ రోజే, కస్టమర్ల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్ అయిన సీఆర్ఎమ్‌లో రాయి. 'ఆసక్తి ఉంది' అని రాస్తే ఎవరికీ పనికిరాదు. 'మూడు రాత్రులు చేత్తో లెక్క' అని రాస్తే మీటింగుకి వెళ్లే మనిషికి దారి దొరుకుతుంది.

మొదటి వారంలో వీలు చూసుకుని సపోర్టు టీము పక్కన ఒక పూట కూర్చుని ఫిర్యాదుల కాల్స్ విను. మీ ప్రోడక్టు ఏం చేయలేదో అక్కడ తెలుస్తుంది. చేయలేనిది చేస్తుందని మాత్రం ఎన్నడూ చెప్పకు, మేనేజరు తొందరపెట్టినా సరే. ఏడాది తిరిగాక రెన్యూవల్ దగ్గర ఆ మాటే ఎదురొస్తుంది.

నీ మొదటి పది కాల్స్‌లో అవతలివాళ్లు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి నాకు పంపు. నువ్వేమన్నావో తర్వాత చూద్దాం.

నీ అత్త